రెండు చేతుల కాఫీ

నీష్, మంగళవారం

రోసందక్కా,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. బొమ్మలాట థియేటర్ నుంచి రిటైరయ్యాక ఇప్పుడు వైద్య విద్యార్థుల పరీక్షల్లో రోగి వేషం కడుతున్నాను. నిన్న నాకిచ్చిన జబ్బు కడుపునొప్పి. డాక్టరు ఇంటికొచ్చి చూసినట్టు గదిని వంటిల్లులా అమర్చారు. ఓగ్నెన్ అనే కుర్రడాక్టరు వచ్చి కూర్చోగానే, గడప తొక్కినవాణ్ణి ఊరికే ఎలా పంపడమని, వేషం మరిచి కాఫీ కాచిచ్చాను. వాడూ తీరిగ్గా తాగాడు. ఇంతలో గంట కొట్టేశారు.

"ఏమయ్యా, పరీక్షకొచ్చావా, పేరంటానికొచ్చావా? పొట్ట మీద చెయ్యైనా వెయ్యలేదు!" అని ప్రొఫెసరమ్మ విరుచుకుపడింది.

"తప్పేనండీ. కానీ ఈవిడ కాఫీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని పోశారు. ఎడమచెయ్యి తీసేస్తే కుడిచెయ్యి వణుకుతోంది. కడుపునొప్పి నటన, ఇది కాదు" అన్నాడు.

పరీక్షలో వాడు తప్పాడు. నాకు మాత్రం నరాల డాక్టరుకు చీటీ రాసిచ్చారు.

మిరప పచ్చడి సీసాలు ఖాళీ అయితే బావతో పంపు. పిల్లలకు ముద్దులు. ఒక్కటి గుర్తు తెచ్చుకుని రాయి. అమ్మ ఎవరొచ్చినా కాఫీ రెండు చేతులతో పోసేది, మనం మర్యాద అనుకునేవాళ్ళం. అది మర్యాదేనా అక్కా?

నీ దెసాంక