తిమింగలం గుడ్డు

భావనపాడు,
14-7-1968

ప్రియమైన నీలవేణికి,

బాగున్నావా? నేను బాగోలేను. నువ్వు ఊరొదిలి నెలయ్యింది, నీ ఉత్తరం నిండా గొప్పలే. కరెంటు దీపమట, మీ నాన్నకి రైసుమిల్లులో గుమస్తా పనట, ఇంటికెదురుగానే గ్రంథాలయమట! ఒసే, నాకు కడుపు మండిపోతంది. ఇక్కడ బడిలో ఉన్నది ఒక్క బీరువా. దాని తాళంచెవి నారాయణమూర్తి మేష్టారి జంధ్యానికి ఏలాడతాది. ఆయన నిద్రపోతే మనకి సదువు లేదు.

పందెం మర్చిపోలేదు కదా? మేష్టారు మనిద్దరికీ పేర్లు రాసిచ్చిన పది పుస్తకాలు, ఒక్కటీ కథల పుస్తకం కాదు, అన్నీ నిజాలే. ముందు పూర్తి చేసినదే పెద్దది. ఓడినది చచ్చేదాకా దాన్ని "అప్పా" అని పిలవాల. ఒకే వారంలో పుట్టాం, ఎవరు ముందో మీ అమ్మకీ తెలీదు, మా అమ్మకీ తెలీదు. ఇలాగైనా తేలాల.

నాకు నక్షత్రాల పుస్తకం అయ్యింది. కొన్ని చుక్కల వెలుగు మన ముత్తాతలు పుట్టకముందే బయల్దేరిందట! మా అయ్యకి సెప్తే, "అయితే వల ఎక్కడెయ్యాలో సెప్తాయేటి?" అన్నాడు. నీకెన్ని అయ్యాయి? నిజం సెప్పు.

నీ మీద కుళ్లుతో,
కూర్మమ్మ


గజపతినగరం,
2-8-1968

ప్రియమైన కూర్మీ,

నాకూ నక్షత్రాలది అయ్యింది. రేడియం కనిపెట్టిన ఆవిడ జీవితం కూడా అయిపోవచ్చింది. ఇక్కడ పుస్తకాలకి అట్టలు ఎంత బాగుంటాయో!

కానీ నువ్వు చుక్కల గురించి రెండు ముక్కలు రాసి వదిలేసావేటి? ఏ పేజీలో ఏటున్నాదో అంతా రాయి. ఇన్లాండు చాలకపోతే కవరు పెట్టు. నీ పుస్తకమూ నా పుస్తకమూ ఒకటో కాదో సరిచూసుకోవాల కదా. ప్రతి పుస్తకానికీ అలాగే రాయి. మర్చిపోకు.

మధ్యాహ్నం రెండయ్యింది. పప్పు రుబ్బడానికి అమ్మ పిలుస్తంది. ఉంటాను.

నీ నేస్తం,
నీలవేణి


భావనపాడు,
10-9-1968

ప్రియమైన నీలికి,

నిన్నొచ్చిన నీ ఉత్తరం సూసాను. నాకు ఐదయితే నీకు ఏడా! ఎలాగే? నేను కవర్లకి కవర్లు నింపి పంపుతన్నాను. నువ్వు మాత్రం "అవును, నాకూ అదే నచ్చింది" అని ఒక్క ముక్క రాస్తావు. కరెంటు దీపం కింద కూర్చున్నోళ్లకి అంత తీరికెక్కడిదిలే.

సర్లే, మొన్న సముద్రప్రాణుల పుస్తకం సదివాను. తిమింగలం గుడ్డు బిందెడంత ఉంటాదట. తల్లి దాన్ని ఒడ్డున ఇసకలో పాతి, పిల్ల బయటికొచ్చేదాకా అలల్లో కాపలా తిరుగుతాదట. మీ గ్రంథాలయం పుస్తకంలోనూ ఉన్నాదా?

కుళ్లు తగ్గని,
కూర్మమ్మ


గజపతినగరం,
25-9-1968

ప్రియమైన కూర్మీ,

ఎందుకు లేదు? బొమ్మ కూడా వేసారు. గుడ్డు పక్కన మనిషిని నిలబెట్టారు, ఎంతుంటాదో తెలియడానికి! తల్లి కాపలా కాయడం నాకు బాగా నచ్చింది.

నాకు ఎనిమిదయ్యాయి. అప్పా అనడం అలవాటు చేసుకో.

నీ నేస్తం,
నీలవేణి


భావనపాడు,
3-10-1968

ప్రియమైన అబద్ధాలకోరుకి,

తిమింగలం గుడ్డు పెట్టదే! పిల్లని కని పాలిస్తాది. పుస్తకంలో నలభయ్యో పేజీ. ఆ గుడ్డు పెట్టింది నేను! నీకు బొమ్మ కూడా కనపడిందేటి?

ఎన్నాళ్లనుంచో అనుమానం నాకు. నేను రాయని ముక్క ఒక్కటీ నీ ఉత్తరంలో ఉండదు. అంత గ్రంథాలయం ఎదురుగా పెట్టుకుని, సదవడానికి బద్ధకమేసి, నేను సదివింది నీదని సెప్పుకుంటావా? అన్నీ ఉన్నదానివి, నాకున్న ఆ ఒక్క బీరువా కూడా కావలసొచ్చిందా? మేష్టారికి సెప్పేస్తాను. ఇంక నాకు రాయకు.

కూర్మమ్మ


గజపతినగరం,
20-10-1968

ప్రియమైన కూర్మికి,

రాయొద్దన్నావు. అయినా రాస్తన్నాను, తిట్టుకో.

గ్రంథాలయం ఎదురుగా ఉన్నాదన్నది అబద్ధం కాదు. మా కిటికీలోంచి బీరువాలు కూడా కనపడతాయి. కానీ దాని గడప నేను తొక్కలేదు. ఈ ఊరొచ్చిన పదో రోజే పెద్దమనిషినయ్యాను. ఇంక బడీ లేదు, వీధీ లేదు అన్నాడు నాన్న. పోనీ ఒక్క పుస్తకం తెచ్చిపెట్టమంటే, "ఆడపిల్లకి చుక్కలెందుకు" అన్నాడు. నేను సదివినవి నీ ఉత్తరాలే. ఇంకేటీ లేవు.

నీకు సెప్పడానికి సిగ్గేసింది. నువ్వు నామీద కుళ్లుకుంటంటే నాకు బాగుండేది. నన్ను చూసి కుళ్లుకోడానికి ఇంకేటున్నాది? నిజం సెప్పాలంటే నీకంటే నాకే కుళ్లు ఎక్కువ. ప్రతి కవరూ విప్పి ఏడ్చేదాన్ని.

మధ్యాహ్నం మా పెరట్లోకి నాలాగే బడి మానేసిన ఆడగుంటలు ఐదుగురు వస్తారు. పప్పు రుబ్బుతూ నీ ఉత్తరాలు సదివి వినిపిస్తాను. తిమింగలం తల్లి కాపలా సంగతి విని బుల్లమ్మ ఏడ్చేసింది. దానికి అమ్మ లేదు. రోజూ అదే సదవమంటాది. ఇప్పుడు దానికి ఏటి సెప్పమంటావు?

పందెం నువ్వే గెలిచావు అప్పా.

ఇట్లు, నీ చెల్లి
నీలవేణి


భావనపాడు,
27-10-1968

ప్రియమైన అప్పకి,

తప్పు రాయలేదు, సూసే రాసాను. అప్పవి నువ్వే.

మేష్టారికి సెప్పేస్తానన్నాను కదా, ఎళ్లి నీ ఈ ఉత్తరమే సదివి వినిపించాను.  ఆయన జంధ్యానికున్న తాళంచెవి విప్పి నా సేతిలో పెట్టారు.

మా సూరయ్య మావ వచ్చే సంతకి ఎండుచేపలు మీ ఊరు తెస్తాడు. మీ వీధిలోకి రమ్మన్నాను. మీ అమ్మ బేరమాడతన్నప్పుడు గంప అడుగున సెయ్యి పెట్టు. గుడ్డలో సుట్టి సముద్రం పుస్తకం ఉంటాది. కంపు కొడితే నన్ను తిట్టకు. సదివి అదే గంపలో పంపిస్తే ఇంకోటి వస్తాది.

నలభయ్యో పేజీ మడత పెట్టాను. బుల్లమ్మకి అది సదివి వినిపించు. గుడ్డొక్కటే అబద్ధం, తల్లి నిజం. పుట్టిన పిల్ల ఊపిరి పీల్చుకోడానికి తల్లే దాన్ని నీళ్లమీదికి నెడతాదట. అది సదివిన రోజే నీకు రాసుండాల్సింది. కుళ్లుతో గుడ్డు రాసాను. నన్ను క్షమించు.

నాకింకో కుళ్లు మొదలైంది, దాచుకోను. నువ్వు సెప్తే వినడానికి ఐదుగురున్నారు. నాకు మా అయ్య ఒక్కడు, ఆయనకి వల గొడవ తప్ప ఇంకోటి పట్టదు. వాళ్లు అడిగినవన్నీ నాకు రాయి, ఒక్కటీ వదలకు.

అప్పా అన్నానని ఎగిరిపడకు. పదీ నువ్వు సదివాక మళ్లీ పందెం.

ఇంకా కుళ్లుతోనే,
నీ చెల్లి కూర్మమ్మ