ఎర్రనీళ్ల వారం

1935 జూన్ 16, ఆదివారం

ఈ వేళ ఆడవాళ్ల క్లాసులో మోషే పాఠం చెప్పాను. నా గొంతు చిన్నది, వెనక వరసకు వినపడదని సూరమ్మ ఎప్పుడూ అంటూ ఉంటుంది. ఈ వేళ అందరికీ వినపడింది. ఐగుప్తు రాజు ఫరో దేవుని మాట విననందుకు అక్కడి నది నెత్తురైపోవడం, చేపలు చచ్చి తేలడం, ఆ కంపు. కొల్లేటి పక్కన పుట్టినవాళ్లకు చచ్చిన చేపల కంపు గురించి వేరే చెప్పనక్కరలేదు. చెబుతుండగానే ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తాగడానికి నీళ్లు లేక ఆ జనం నది ఒడ్డున చెలమలు తవ్వుకున్నారనీ, ఏడు రోజులు అలా గడిచిందనీ అనేసరికి సూరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పేటలో అందరికన్నా పెద్దది ఆవిడ. ఆవిడ ఏడిస్తే క్లాసంతా ఏడ్చింది.

ఇంటికి వస్తూ యేసమ్మ, పెద్దమ్మా, ఈ వేళ చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు అంది. సంతోషించాను. ఆ సంతోషంలో గర్వం కూడా ఉంది. ప్రభువు క్షమించాలి.

చెల్లెలు బతికి ఉంటే ఈ పిల్ల తొలికాన్పుకు నా దగ్గరికి వచ్చేది కాదు. ఎనిమిదో నెల. బాగా అలసిపోతోంది.

జూన్ 17, సోమవారం

తప్పు నాదే. రాసుకుంటే గాని మనసు నిలవదు.

పొద్దున పది గంటలకు ఏలూరు హెల్తు ఇనస్పెక్టరు హనుమంతరావుగారు సైకిలు మీద వచ్చారు. పై ఊళ్లో కలరా పడిందట. మీ పేట బావిలో పర్మాంగనేటు కలిపి పోశానమ్మా, నీళ్లు ఎర్రగా ఉంటాయి, రేపటి దాకా తోడవద్దని అందరికీ చెప్పండి అన్నారు. అవసరమైతే ఇంకోసారి పోయడానికి ఆ మందు గింజలు పొట్లం కట్టి ఇచ్చారు. భీమడోలులో ఇంకా నాలుగు బావులు ఉన్నాయట, కూర్చోమన్నా కూర్చోలేదు.

స్కూల్లో నా పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. అవి అయ్యాక వెళ్లి చెబుదామనుకున్నాను. అరగంట. అంతే.

నేను వెళ్లేసరికి బావి గట్టు మీద చేద బోర్లాపడి ఉంది. గచ్చు మీద ఎర్రటి నీళ్లు. ఆడవాళ్లందరూ దూరంగా గుంపుగా నిలబడి ఉన్నారు. ఇది మందు, ఇనస్పెక్టరుగారు పోశారు అని చెప్పాను. సూరమ్మ నా చెయ్యి పట్టుకుని, టీచరమ్మగారండీ, నిన్న మీరు చెప్పారు, ఇవాళ జరిగింది, మేము భయపడతామని మందు అంటున్నారు, మీ మనసు మాకు తెలియదాండీ అంది.

ఇళ్లలో నింపి ఉన్న కుండలు కూడా ఒలకబోసేశారు.

జూన్ 18, మంగళవారం

చెరువు ఒడ్డున ఆరు చెలమలు తవ్వారు. నేను చెప్పిన పాఠంలో తవ్వినట్టే. ఏడు రోజులు బావి ముట్టకూడదని సూరమ్మ తీర్మానం చేసింది. ఆ ఏడు కూడా నేను చెప్పినదే.

చెలమలో ఊరిన నీళ్లు ముంతలతో తోడుకుని, కుండలో ఇండుపగింజ అరగదీసి తేరుస్తున్నారు. నీళ్లు అద్దంలా అవుతున్నాయి. తేటగా ఉంటే మంచివని మనవాళ్ల నమ్మకం. మొన్నటిదాకా నాదీ అదే. కాని చెరువులోకి వచ్చే బోదె కాలువ పై ఊరి మీదుగా వస్తుంది. అక్కడ ఆదివారం ఇద్దరు పోయారు. వాళ్ల చాపలూ బట్టలూ ఆ బోదెలోనే ఉతికారని గుడి గంట కొట్టే సీమోను చెప్పాడు. బురద కింద పేరుకుంటుంది. కలరా పురుగు కూడా పేరుకుంటుందని ఇండుపగింజ ఏమన్నా మాట ఇచ్చిందా?

బావి నీళ్లు అప్పుడే గడ్డి రంగుకు తిరిగిపోయాయి. అందరూ చూసేలా ఒక చెంబెడు తోడుకుని తాగాను. సూరమ్మ కోడలు నా వంక జాలిగా చూసి లోపలికి వెళ్లిపోయింది.

యేసమ్మ కూడా బావి నీళ్లు ముట్టనంటోంది. కడుపులో బిడ్డకు నెత్తురు తాగించమంటావా పెద్దమ్మా అని ఏడ్చింది. గట్టిగా చెప్పడం నాకు చేతకాదు. చెలమ నీళ్లే తెప్పించి తెర్లేదాకా కాచి ఇచ్చాను. పొగ వాసన అంటుంది.

జూన్ 19, బుధవారం

వాన. పిడకలు తడిసి పొయ్యి అంటుకోలేదు. నీళ్లు కాచలేకపోయాను. యేసమ్మ ఏం తాగిందో నేను అడగలేదు.

జూన్ 20, గురువారం

కప్పలు.

తొలకరికి కొల్లేటి గట్లన్నీ కప్పలే, కొత్త సంగతి కాదు. ఇంట్లో, పొయ్యిలో, బియ్యం డబ్బా వెనక, స్కూల్లో నల్లబల్ల కింద. కాని తెల్లవారేసరికి సూరమ్మ చేటలో ఒకదాన్ని పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. రెండో తెగులు కూడా వచ్చేసిందండీ అంది. కప్పలు ప్రతి ఏడూ వస్తాయి కదా సూరమ్మా అన్నాను. వస్తాయండీ, ప్రతి ఏడూ ముందు నీళ్లు ఎర్రబడి వస్తాయా అండీ అంది. కప్ప చేటలోంచి దూకి నా చాప మీద పడింది.

ఐగుప్తు మీదికి వచ్చిన తెగుళ్ల వరసలో మూడోది పేలు. పేలకు పేటలో ఏనాడూ కరువు లేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు చేయదలచుకోలేదు.

జూన్ 21, శుక్రవారం, ఉదయం ఆరు

యేసమ్మకు రెండు వాంతులు. కాళ్లు చల్లగా ఉన్నాయి. సీమోనును దెందులూరు పంపాను, హనుమంతరావుగారు అక్కడ ఉన్నారట. ప్రభువా, ఆ పాఠం చెప్పిన నోరు నాది. ఈ పిల్లను వదిలెయ్యి.

అదే రోజు, పదకొండు గంటలు

ఇనస్పెక్టరుగారు వచ్చి చూశారు. నాలుక చూశారు, చెయ్యి చూశారు, విరేచనాలు ఉన్నాయా అని అడిగారు. లేవు. రాత్రి ఏం తిన్నావమ్మా అన్నారు. యేసమ్మ తల వంచుకుంది. మళ్లీ అడిగితే, రసాలండీ అంది. ఎన్ని అన్నారు. ఆరు అంది. అమ్మా, మీ పిల్లకు కలరా కాదు, మామిడిపండ్లు అని చెప్పి ఆయన నవ్వారు. మంచం కిందకు వంగి చూస్తే ఏడు టెంకలు ఉన్నాయి.

నేను వంటింట్లోకి వెళ్లి కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆనందం అని తెలుస్తూనే ఉంది, ఆగలేదు.

వెళుతూ ఆయన మాత్రం నవ్వలేదు. పై ఊళ్లో మొత్తం నలుగురు పోయారు. ఈ వేళ మామిడిపండ్లమ్మా, రేపు కాకపోవచ్చు, ఆ గుంటలు పూడ్పించండి, నేను చెబితే నన్ను కొట్టడానికి వస్తున్నారు అన్నారు.

జూన్ 22, శనివారం

మధ్యాహ్నం స్కూలు షెడ్డులో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టాను. సూరమ్మ చేతనే ఒక గాజుగ్లాసులో చెలమ నీళ్లు పోయించి, పొట్లంలోంచి ఒక గింజ తీసి అందులో వేశాను. ఎర్రటి తీగలు కిందికి దిగాయి. గ్లాసంతా ఎర్రబడింది. చూశారా, ఇది మందే అన్నాను.

సూరమ్మ తొణకలేదు. ఫరో దగ్గర మంత్రగాళ్లు కూడా అచ్చంగా ఇలాగే చేశారని మీరే చెప్పారు కదండీ అంది.

నిజమే, చెప్పాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నన్ను మంత్రగత్తెను చేశావా సూరమ్మా అన్నాను. అయ్యో, మిమ్మల్ని అంటానాండీ, ఆ గింజను అన్నానండీ అంది.

గ్లాసు వంక చూస్తూ, నాలో నేను అనుకుంటున్నట్టే, చెలమలు తవ్వుకున్నది ఐగుప్తువాళ్లు, దేవుని ప్రజలు తవ్వుకున్నట్టు నేనెక్కడా చదవలేదు అన్నాను. వెనక వరసవాళ్లు వినపడలేదన్నారు. మళ్లీ అన్నాను.

సూరమ్మ నెమ్మదిగా, అంటే మేము ఐగుప్తువాళ్లమా అండీ అంది. నేనేమీ అనలేదమ్మా, ఎవరు తవ్వారో వాళ్లకే తెలియాలి అన్నాను. నా యాభై ఏళ్లలో ఒకరిని ఇలా పొడవడం ఇదే మొదలు.

సూరమ్మ లేచింది. మా అత్తగారు ఈ పేటలో అందరికంటే ముందు బాప్తిస్మం పుచ్చుకున్న మనిషండీ, పీకల్లోతు నీళ్లలో నిలబడి పుచ్చుకుందండీ, ఆవిడ కోడల్ని పట్టుకుని ఐగుప్తుదానివి అంటే నేను ఊరుకోనండీ అంది. కొంగు బిగించి తిన్నగా బావి దగ్గరికి నడిచింది. మేమందరం వెనకే. చేద వేసింది, తోడింది, వాసన చూసింది. నీళ్లు మామూలు నీళ్లలాగే ఉన్నాయి. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి చేద ఎత్తి తాగింది, గడ్డం మీంచి రవికె తడిసేదాకా. తరవాత చేద కోడలి చేతికిచ్చి, తాగవే, ఐగుప్తుదానా అంది.

అప్పుడు నవ్వులు మొదలయ్యాయి. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని తాగారు. యేసమ్మ కూడా తాగింది. సాయంత్రానికి సీమోను ఆరు చెలమలూ పూడ్చేశాడు.

జూన్ 23, ఆదివారం

ఆ ఏడు రోజులూ దేవుని ప్రజలైన ఇశ్రాయేలువాళ్లు ఏం తాగారో వాక్యంలో ఎక్కడా లేదు. లేనిదాన్ని ఆసరా చేసుకున్నాను. అబద్ధం ఆడలేదు, నిజం మొత్తమూ చెప్పలేదు. ఎవరైనా అడిగితే చెప్పేస్తాను. అడగకపోతే బాగుండును.

చెలమ నీళ్లు మానేసిన దగ్గర నుంచి అయిదు రోజులు కనిపెట్టుకుని ఉండమని ఇనస్పెక్టరుగారు కబురు పంపారు. లెక్కకు గురువారం.

జూన్ 24

ఎవరికీ ఏమీ లేదు.

జూన్ 25

సీమోనుకు కడుపునొప్పి అన్నారు. పరిగెత్తాను. పనసకాయ కూర.

జూన్ 27, గురువారం

అయిదో రోజు అయింది. ఇంటింటికీ వెళ్లి చూసి వచ్చాను. అందరూ ఉన్నారు. అందరూ నన్ను కాఫీ తాగి వెళ్లమన్నారు. నాలుగు ఇళ్లలో తాగాను. రాత్రి నిద్ర పట్టదు. పట్టకపోతే పట్టకపోయింది.

జూలై 4, గురువారం

హనుమంతరావుగారు మళ్లీ మందు పోయడానికి వచ్చారు. ఈసారి ఆడవాళ్లు బావి చుట్టూ నిలబడ్డారు. ఆయన బక్కెట్టులో కలిపి పోయగానే సూరమ్మ వంగి చూసి, ఏవండీ, ఇంతేనా అండీ, కిందటిసారి ఇంకా ఎర్రగా ఉంది, మా పేటకు తగ్గించారేమిటండీ అంది. కొలత ప్రకారం పోశానమ్మా అని ఆయన అంటున్నా వినదు. పై ఊరివాళ్లకు ఎంత పోశారో అంతే మాకూ పోయాలండీ అని చేద పట్టుకుని అడ్డం నిలబడింది. చివరికి నేను కల్పించుకోవలసి వచ్చింది.

పై ఊళ్లో ఏడుగురు. వాళ్ల కోసం క్లాసులో ప్రార్థన చేశాము. మా పేటలో ఒక్కరూ లేరు. ఆ మాట రాయడానికి కూడా సిగ్గుగా, హాయిగా ఉంది.

ఆగస్టు 1, గురువారం

యేసమ్మకు ఆడపిల్ల. పుట్టి నాలుగో రోజు.

సూరమ్మ కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని పిల్లను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. ఇనస్పెక్టరుగారు నిన్న వచ్చి వెళ్లారు, నీళ్లలో ఆ మందు ఎర్ర ఛాయ ఇంకా కొద్దిగా ఉంది. రెండు చుక్కలు నోట్లోకి పోతే పిల్ల చప్పరించింది. మేము ముగ్గురం చూస్తూ ఉన్నాము. మళ్లీ నోరు తెరిచింది.