కొంగ మెడ

ప్రియమైన అక్కా,

పరుగు శిబిరానికి క్షేమంగా చేరాను. రేకుల గది, రెండు ఇనప మంచాలు, ఒక కిటికీ. కిటికీలోంచి మంచు తప్ప ఏమీ కనిపించదు. అసలు సంగతి చివర్లో చెబుదామనుకున్నాను గానీ కడుపులో ఆగడం లేదు. కొంగ ఇక్కడే ఉన్నాడక్కా. నువ్వు పేపర్ ఆఫీసు నుంచి ఫొటో తెచ్చిస్తే నా మంచం పక్కన గోడకి అంటించానే, ఆ పొడుగు కాళ్ళ కొంగే. ఆయన మారథాన్ గెలిచిన రోజు అన్నం మానేసి రేడియో దగ్గర కూర్చున్నానని నాన్న ఇప్పటికీ ఏడిపిస్తాడుగా.

తెల్లవారగానే మా ముందు పరిగెత్తేది ఆయనే. మాట్లాడడు, వెనక్కి తిరగడు. మేం వచ్చిన రోజే కోచ్ గారు చెప్పారు. "ఇక్కడ గడియారాలుండవు. ముందువాడి మెడ పట్టండి, అంతే."

"మెడ పట్టి గెంటడం విన్నాం గానీ, ఇదేంటి సార్?" అన్నాను. అందరూ నవ్వారు. కోచ్ గారు నవ్వలేదు.

"చేత్తో కాదురా, చూపుతో. ఆ మెడ మీంచి కళ్ళు తీయకు. కాసేపటికి వాడి ఊపిరే నీ ఊపిరవుతుంది."

శిబిరం చివర్లో ట్రయల్స్. నెగ్గితే జాతీయ జట్టు. లేకపోతే నాన్న మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తూ బతకాలి.

నీ బుడ్డోడు

*

ప్రియమైన బుడ్డోడా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. కొంగ సంగతి ఎలా ఉన్నా నువ్వు తింటున్నావో లేదో రాయలేదని అమ్మ కోపం. స్వెట్టరు అల్లి పంపుతోంది. చేతులు పొడుగైతే మడుచుకో, నీ ఎత్తుకి ఏదీ సరిపోదుగా.

నాకో పని చేసిపెట్టు. కొంగ ఏ విలేఖరితోనూ మాట్లాడినట్టు లేదు. ఇప్పుడు యాభై దాటి ఉండాలి. ఇంకా ఎందుకు పరిగెత్తుతున్నారో ఒక్క మాట అడుగు. నీ గోడ మీది ఫొటో అసలు ప్రతి మా ఆఫీసులో వెతికాను. దొరికింది గానీ, వెనక వేసిన సంవత్సరం నాన్న బడికి వెళ్ళే రోజులది. అప్పటికి ఈయన కూడా నిక్కర్లేసుకునే పిల్లాడే అయ్యుండాలి, ఫొటోలో చూస్తే నిండు మనిషి. ఫొటోలు భద్రపరిచే ఆయన్ని నాలుగు దులిపాను. "నేను రాసింది కాదమ్మా, నేను చేరకముందు నుంచీ అంతే ఉంది" అంటాడు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

ఇప్పుడు కొంగ వెనక నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు మంచులో ఎక్కడో ఉంటారు. అలుపు లేదు. ఆకలీ లేదు, అమ్మకి చెప్పకు.

నా పక్క మంచం ఆయన పోయినసారి ట్రయల్స్‌లో ఓడినవాడు. నిన్న నన్ను ఎగాదిగా చూసి, "కొంగ నిన్ను ఒప్పుకున్నాడు. నన్ను ఒప్పుకోలేదు, దేవుడి దయ" అన్నాడు. ఓడిపోవడంలో దయేమిటో. పొద్దున లేచేసరికి మంచం ఖాళీ. సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

యాభై దాటిన మెడ కాదక్కా అది. ఒక్క ముడత లేదు. నీ ప్రశ్న అడిగాను. ఆయన తిరగలేదు. కానీ జవాబు వినిపించింది. "ఆగితే దిగిపోవాలి కదా" అని. అన్నది నా నోరే.

స్వెట్టరు అందింది. అమ్మ లెక్క తప్పింది, దాని చేతులు నా మోచేతులు దాటి కాస్త కిందికి వచ్చి ఆగిపోయాయి. ఇంకోటి. మనింటి గేటు ఏ రంగు? ఎంత ఆలోచించినా రావడం లేదు.

నీ తమ్ముడు

*

ప్రియమైన బుడ్డోడా,

ఇది అందగానే ఉన్నపళంగా బయల్దేరి వచ్చెయ్. కారణం రాస్తాను.

కొంగ భార్యని కలిశాను. బట్టలు కుట్టుకుని బతుకుతోంది. భర్త పేరెత్తగానే, "మా వీధిలో ఆయన్ని కొంగ అన్నవాళ్ళెవరూ లేరమ్మా. పొట్టయ్య అనేవాళ్ళం. నా భుజం దాకా వచ్చేవాడు" అంది.

ఫొటో చూపించాను.

"ఈయన మా ఆయన కాదు. శిబిరానికి వెళ్ళింది పొట్టయ్య. కప్పు పట్టుకుని వచ్చింది ఈ పొడుగాయన."

"పొరపాటు పడ్డారేమో."

"కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం తెలీదా? గుమ్మం తలకి తగిలింది. పెంచిన కుక్క మొరిగింది. అయినా మంచివాడే. ఎంత మర్యాదో. మా ఆయనకి ఏనాడూ లేదంత మర్యాద. మంచినీళ్ళు తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు."

"మరి మీ ఆయన?"

"మెడ పట్టి గెంటేశాడు కదమ్మా, ఆయనలోంచి ఆయన్ని." కత్తెర ఆపకుండానే అంది.

ఫొటో వెనక స్టూడియో ముద్ర కూడా ఉంది. వాకబు చేశాను. నాన్న చిన్నప్పుడే మూతపడిన స్టూడియో అది. సంవత్సరం తప్పు పడలేదు.

నేను దయ్యాల వార్తలు రాసేదాన్ని కాదని నీకు తెలుసు. విన్నదీ చూసిందీ రాశాను. జట్టూ వద్దు, ట్రయల్సూ వద్దు. పానాలు అందించినా మనింట్లో ఉంటావు. ఆ మెడ మీంచి కళ్ళు తీసి నేల చూడు.

గేటు ఆకుపచ్చ. రంగు వేసింది నువ్వే. సగం గేటుకి, సగం నీ చొక్కాకి.

నీ అక్క

*

గౌరవనీయులైన అక్కగారికి,

నమస్కారం. మీరు దయతో రాసిన ఉత్తరం అందింది. ట్రయల్స్ ముగిశాయి. నేను మొదటి స్థానంలో వచ్చాను. ఈ విషయం మీ తల్లిదండ్రులకు తెలియజేయగలరు. వారు కోరితే ఒకసారి వచ్చి కలుస్తాను. స్వెట్టరు తిరిగి పంపుతున్నాను, ఎవరికైనా పనికి వస్తుంది. గేటు గురించి మీరు రాసింది నాకు అర్థం కాలేదు. మన్నించండి.

ఇట్లు,
కొంగ

*

ప్రియమైన బుడ్డోడా,

ఆయన వచ్చాడు. మేమంతా స్టేషన్‌కి వెళ్ళాం. రైలు దిగిన ఆయన్ని అమ్మ తల పైకెత్తి చూసింది. "బాబూ, మావాడు వెనక బండికి వస్తున్నాడా?" అని అడిగింది. ఆయన చేతులు జోడించి, "రారండీ" అన్నాడు. నాన్న వెనక బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు.

ఆయన గెలిచిన వార్త ఆఫీసులో నన్నే రాయమన్నారు. రాయనన్నాను. సెలవు పెట్టి శిబిరానికి వచ్చాను. ఇక్కడ ఎవరూ లేరు. గదులకి తాళాలు. తెల్లవారగానే మీరు పరిగెత్తే రోడ్డు పక్కన నిలబడ్డాను. నా చెయ్యి నాకు కనిపించనంత మంచు. మనుషులెవరూ లేరు గానీ అడుగులు వినిపించాయి. చాలామందివి. నా ముందు నుంచే వెళ్తున్నాయి.

"బుడ్డోడా, ముందు ఎవరూ లేరురా. ఆగు" అన్నాను.

అన్నీ సాగిపోయాయి. ఒక జత ఆగింది.

కాసేపటికి ఆయాసం వినిపించింది, అలిసిపోయిన మనిషి ఆయాసం. అలుపు తీర్చుకో. ఈ కాగితం నువ్వు ఆగినచోటే రాయి కింద పెడుతున్నాను. స్వెట్టరు కూడా పెడుతున్నాను. చలిగా ఉంది, వేసుకో. రేపు పొద్దున మళ్ళీ వస్తాను.

నీ అక్క