అక్క వాటా బీన్స్

బావా,

సలాం. నువ్వు పోయి నిన్నటితో ఏడాది నిండింది. ఎలా ఉన్నావని అడగను. అడిగితే చెప్పేవాడివైతే ఈ ఉత్తరం ఎందుకు?

నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే... అన్నం తింటున్నాను, పడుకుంటున్నాను, పొద్దున పూట బండి మీద పునుగులు వేస్తున్నాను. మాచర్ల బస్టాండు దగ్గర మన చోటు మనకే ఉంది. పక్కన అరటిపళ్ళ ఆయన ఇంకో బండిని అక్కడ నిలబడనివ్వలేదు. నీ బీన్స్ టోస్ట్ మాత్రం లేదు. కాలేజీ పిల్లలు ఇప్పటికీ వచ్చి బీన్స్ లేదా ఆంటీ అని అడుగుతారు. లేదని చెప్పి బాణలిలోకి చూస్తూ నిలబడతాను.

నిన్న నీ ఏడాది ఫాతెహా చదివించాం. ఆ సంగతి చెప్పాలనే కూర్చున్నాను. విన్నవాళ్ళంతా మంచి సంగతే అంటున్నారు. నాకు మాత్రం కడుపు మండుతోంది. ఎందుకో తెలియాలంటే ముందు నీ నలభయ్యో నాడు ఏం జరిగిందో చెప్పాలి. నీకు ఇంకెవరు చెప్పి ఉంటారు?

పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి, ముందు పెట్టి చదివించాలి కదా. మీ ఆయనకేం ఇష్టమమ్మా అని మసీదు హజ్రత్ గడప బయటి నుంచి అడిగించాడు. డబ్బా బీన్స్ అని చెప్పాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అన్ని రోజులు ఏడ్చిన ఇంట్లో మొదటి నవ్వు అదే... అదీ నీ మీద.

నవ్వరా మరి? ఈ ఊళ్ళో గోంగూర మాంసం మీద ప్రాణం పెట్టేవాళ్ళున్నారు, నాటుకోడి మీద పెట్టేవాళ్ళున్నారు. టమాటా గుజ్జులో మగ్గిన తెల్ల చిక్కుడు గింజల డబ్బా మీద ప్రాణం పెట్టినవాడివి నువ్వొక్కడివే.

డ్యామ్ దగ్గర విజయపురి సౌత్‌లో ఆ గెస్ట్ హౌస్‌లో వంట చేసినప్పుడు పట్టుకుంది నీకా పిచ్చి. లాంచీ ఎక్కి కొండ చూడ్డానికొచ్చే విదేశీయులు పొద్దున్నే కాల్చిన రొట్టె మీద అవే వేయించుకునేవాళ్ళు. డబ్బాలో మిగిలినవి నువ్వు మూకుట్లో పోసి వెల్లుల్లి కారం కొట్టేవాడివి. "వాళ్ళది వాళ్ళకి, మనది మనకి. ఆ తీపి ఇరగ్గొడితే ఈ గింజంత మంచిది ఇంకోటి లేదే జానూ" అనేవాడివి. గెస్ట్ హౌస్ మూసేశాక ఆ మూకుణ్ణీ ఆ పిచ్చినీ తెచ్చి బస్టాండు దగ్గర పెట్టావు. కారం ఘాటుకి తుమ్ముతూ వచ్చి తిన్నారు జనం. తిన్నారుగా? అప్పుడు నవ్వలేదేం?

డబ్బా ఎంచడానికి నరసరావుపేట వెళ్ళేవాడివి. పెళ్ళిచూపులకు పోయినట్టు తల దువ్వుకుని మరీ. నన్ను కూడా తీసుకెళ్ళేవాడివి. బొటనవేలితో మూత నొక్కి చూసేవాడివి... టిక్కుమంటే పాడైనట్టే, పక్కన పెట్టెయ్యడమే. అంచు దగ్గర సొట్ట ఉంటే ముట్టుకునేవాడివి కాదు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడివి. "గలగలమంటే నీళ్ళెక్కువ. చప్పుడే లేకపోతే లోపల గింజ పేస్టయిపోయింది. బద్ధకంగా, బరువుగా కదలాలి... అదే మంచి డబ్బా" అని నా చెవి దగ్గర కూడా ఊపేవాడివి. నాకు అన్నీ ఒక్కలాగే వినపడేవి. వినపడిందని తలూపేదాన్ని.

చివర్న, లోపల ఏమేం కలిపారో చెప్పే చిన్న అక్షరాల వరస. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేవాడివి. మొదటి మాట బీన్స్ అయి ఉండాలి, చక్కెర ఎంత వెనక ఉంటే అంత మంచిది. అంతకన్నా ముఖ్యం, పంది మాంసం ముక్కలు కలిపిన డబ్బాలు కూడా ఉంటాయని గెస్ట్ హౌస్‌లో కళ్ళారా చూసినవాడివి. "ఆ వరస సదవకుండా మూత తియ్యమాక" అని నాకు పదేపదే చెప్పేవాడివి.

అంత జాగ్రత్తగా ఉన్నవాణ్ణి పట్టుకుని, దొరల డబ్బాలో ఏం కలిసిందో, వాడేం తిన్నాడో అని బజారంతా గుసగుసలాడింది. బజారు సంగతి వదిలెయ్. నీ సొంత అక్క కూడా అదే అనుకుంది చూడు... అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మీ అమ్మ పోతే ఖాసింబీ వదినే కదా నిన్ను చంకనేసుకుని పెంచింది. రెండు వీధుల అవతల ఇల్లు. మనింటికి వస్తే మంచినీళ్ళు తాగి వెళ్ళేది. అదీ బయట కుండలోవి. ప్రతి రంజాన్‌కీ నువ్వు బీన్స్ వండి, ఎవరికీ పెట్టకముందే ఒక గిన్నెలోకి తీసేవాడివి. "ఇది అక్క వాటా" అని దాని మీద మూత బోర్లించేవాడివి. నేను మోసుకెళ్ళేదాన్ని. సాయంత్రానికి వాళ్ళింటి నుంచి ఆ గిన్నె తిరిగొచ్చేది. మూత కూడా కదిలేది కాదు.

చల్లారి గడ్డకట్టిన దాన్ని నువ్వే తినేవాడివి. నాకు ఒళ్ళు మండి ఇంకెందుకు పంపుతావయ్యా అంటే, "తింటదిలేవే. అక్క కాదూ? ఎప్పుడో ఒకప్పుడు తింటది" అనేవాడివి. ఆ మాట అంటూ నా మొహంలోకి చూసేవాడివి కాదు. ఎందుకు బావా?

సరే, నలభయ్యో నాటి సంగతికొస్తాను. మొగుడు పోయినదాన్ని, నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉన్నాను, గడప దాటకూడదు. కొట్టుకెళ్ళేది లేదు, పెరట్లో పొయ్యిల దగ్గరికొచ్చేది లేదు. వదిన కొడుకు రఫీ హైదరాబాదు నుంచి డబ్బా తెచ్చాడు. వాళ్ళమ్మ ముందు నిలబడి చిన్న అక్షరాలు గడగడా చదివి, అంతా హలాలేనమ్మా అన్నాడు. వదిన సరేనంది. అంతే! నువ్వు ఏళ్ళ తరబడి అల్లా మీద ఒట్టేసి చెప్పినా నమ్మని మనిషి, కొడుకు ఒక్కసారి చెబితే నమ్మింది. నమ్మడం ఇంత తేలికా? అయితే నీకెందుకు దొరకలేదు?

కిటికీ దగ్గర కూర్చుని ఎలా వండాలో నేను చెబుతూనే ఉన్నాను. ముందు గుజ్జు వంచెయ్యి వదినా, వెల్లుల్లి దంచు వదినా అని. ఆవిడ డబ్బా తెరిచి వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. తియ్యగా తగిలింది. ఇంకేముంది... ఇది మిఠాయేనే పిల్లా, నీకు దుఃఖంలో మతి లేదు అంది. ఫాతెహాకి తీపి ఎలాగూ ఉండాలి కదా, ఇదే అయిపోతుంది అంది. నెయ్యి వేసింది. చక్కెర పోసింది. యాలకులు దంచి వేసింది. పైన జీడిపప్పు కూడా చల్లింది బావా!

బతికినన్నాళ్ళూ నువ్వు ఆ డబ్బాలో తీపి విరవడానికే తిప్పలు పడ్డావు. నలభయ్యో నాడు నీ పేరు మీద దాంట్లో చక్కెర పోశారు.

ఊదు పొగ వేశారు, చదివించారు, పంచారు. ఒక్కొక్కరూ ఒక్కో చెంచా నోట్లో పెట్టుకుని మొహాలు చిట్లించారు. వదిన మాత్రం తనకు పళ్ళు నొప్పి అని ముట్టుకోలేదు. ఈ గడ్డికేనా మస్తాను బండి పెట్టింది అని ఒకాయన అన్నాడు. ఎవరో నాకు తెలుసు, పేరు రాయను. మిగిలింది మేకల తొట్లో పోశారు. మేకలు కూడా... సరే, వదిలెయ్.

నీకు చేరిందా ఆ పాయసం? చేరితే ఏమనుకున్నావు? నవ్వుకునే ఉంటావు. నీ మీద నాకున్న కోపమే అది. అన్నిటికీ నవ్వేవాడివి. నీ వంతు మంట కూడా నేనే మండాల్సి వచ్చేది.

ఆ రోజే అనుకున్నాను, ఏడాదికి నా చేత్తో వండి ముందు పెడతానని. నువ్వు చివరిసారి ఎంచి తెచ్చిన డబ్బా ఒకటి నీ లుంగీలో చుట్టి రేకుల కింద అటక మీద దాచి ఉంచాను. వదిన చేతికి అది ఇవ్వంది అందుకే. అప్పుడప్పుడు దించి చెవి దగ్గర పెట్టుకుని ఊపేదాన్ని. నువ్వు విన్న చప్పుడు కదా... మళ్ళీ చుట్టి పెట్టేసేదాన్ని.

పోయిన వారం దించాను. మూత ఉబ్బి ఉంది.

ఈసారి ఎండాకాలం నీకు తెలియదు. మాచర్ల మాడిపోయింది. రేకులు పెనంలా కాలాయి. బొటనవేలితో నొక్కితే టిక్కుమంది. ఇంకోసారి నొక్కాను, మళ్ళీ టిక్కుమంది. "ఉబ్బిన డబ్బా పగోడికి కూడా పెట్టమాక" అన్నావు కదా. ఆ మాటే చెవిలో మోగింది. ఒళ్ళో పెట్టుకుని చానాసేపు కూర్చున్నాను. నువ్వు ఎంచింది ఎప్పుడూ తప్పలేదు. ఎండను తిట్టనా, రేకుల్ని తిట్టనా? నిన్నే తిట్టాను. పక్కింటివాళ్ళు వింటారని కూడా చూసుకోలేదు. ఆ పొద్దున గ్యాస్ బండ ఎత్తొద్దంటే ఎత్తావు, ఛాతీ పట్టుకుని కూర్చున్నావు, ఆసుపత్రి గేటు దాకా కూడా ఆగలేదు. అవన్నీ కలిపి తిట్టాను.

తర్వాత పెరట్లో గోరింటాకు చెట్టు పక్కన గొయ్యి తవ్వాను. కుక్కలు తోడకుండా లోతుగా తవ్వాను. నిన్ను పూడ్చినప్పుడు ఆడవాళ్ళు రాకూడదన్నారు. దీన్ని మాత్రం నేనే పూడ్చాను.

మర్నాడు బస్సెక్కి నరసరావుపేట వెళ్ళాను. తల దువ్వుకునే వెళ్ళానులే. అదే కొట్టు, అదే అర. ఒక్కో డబ్బా తీసి నొక్కాను. చెవి దగ్గర పెట్టి ఊపాను. కౌంటర్ దగ్గర అమ్మాయి నన్ను చూసి నవ్వు ఆపుకుంటోంది. ఆపుకోనీ! నువ్వు పక్కనున్నప్పుడు వినపడని తేడా, ఒక్కదాన్నే ఊపుతుంటే వినపడింది బావా. ఇది నీళ్ళు, ఇది పేస్టు, ఇదిగో ఇది బద్ధకం. వినపడగానే అక్కడే నిలబడి ఏడ్చాను. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

చిన్న అక్షరాల వరస కూడా వేలు పెట్టి చదివాను. ఏడో తరగతి ఇంగ్లీషు ఎంతవరకు లాక్కొస్తుంది? అయినా లాగాను. రెండోసారి కూడా చదివాకే సంచిలో వేసుకున్నాను.

వండింది కూడా నీ పద్ధతే. జల్లెడలో పోసి సగం గుజ్జు కారనిచ్చాను. వేరుశెనగ నూనెలో జీలకర్ర, ఎండుమిరపకాయలు, పొట్టుతో చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు. ఉల్లిపాయ ఎర్రబడ్డాక మన కారం. తీపి విరగడానికి గుప్పెడు గోంగూర. గింజలు ఆఖర్న. "గరిటె పెట్టమాక, గింజ సచ్చిపోద్ది. మూకుడు పట్టుకుని ఊపు" అన్నావని గుడ్డతో పట్టుకుని ఊపాను. మణికట్టు కాలింది. రుచి చూశాను. నీది కాదు... నీదానికి దగ్గర.

నిన్న బిర్యానీ వదిన వాళ్ళు వండారు. నా మూకుడు నేను తెచ్చి దాని పక్కన పెట్టాను. హజ్రత్ చదివాడు. పంచేటప్పుడు మొదటి గిన్నె తీసుకెళ్ళి వదిన ముందు పెట్టాను. ఏంటో చెప్పలేదు. ఆవిడ అడగలేదు. రొట్టె ముక్క తుంచి అద్దుకుంది. ఇంకో ముక్క అద్దుకుంది. ముక్కు తుడుచుకుంటూ తింది. గిన్నె అడుగు వేలితో నాకి, "చానా బాగుందే పిల్లా. బొబ్బర్లా ఏంది?" అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి ఖాళీ డబ్బా తెచ్చి ఆ గిన్నె పక్కన పెట్టాను. వదిన డబ్బా వైపు చూసింది. గిన్నె వైపు చూసింది. ఉమ్మేస్తుందనుకున్నాను. లేచిపోతుందనుకున్నాను. అలాగే కూర్చుని ఆ గిన్నెను వేళ్ళతో నా వైపు జరిపింది. ఇంకొంచెం పెట్టమని.

అక్కడున్నవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మస్తాను ఆత్మ చల్లబడింది అన్నారు. చల్లబడిందా? నాకు మాత్రం సంతోషం రాలేదు బావా. ఆ గిన్నె నువ్వున్నప్పుడు జరపాల్సింది. నువ్వు తలుపు దగ్గర నిలబడి వీధి చివరి దాకా చూసిన రోజుల్లో జరపాల్సింది. ఇప్పుడెవరికి జరిపింది?

పెట్టాను. నువ్వైతే పెట్టేవాడివని పెట్టాను. నేనైతే పెట్టేదాన్ని కాదు.

రేపటి నుంచి బండి మీద బీన్స్ వేస్తాను. వచ్చే రంజాన్‌కి అందరికన్నా ముందు అక్క వాటా కూడా తీస్తాను, మాటిస్తున్నాను. కానీ మోసుకెళ్ళను. ఆ రెండు వీధులూ ఆవిడే నడిచి రావాలి.

నీ
జాను