చిన్నాయన ఇంటి ముందు డప్పు

నాయినా,

జప్తు అంటే ఏమిటని నువ్వు వకీలును అడిగిన రోజు గుర్తుంది. “కోర్టు అమీనా వచ్చి, ఇంటి ముంగట డప్పు కొట్టించి కాగితం సదువుతడు. ఇగ ఆ ఇల్లు అమ్మరాదు,” అన్నాడు.

“డప్పు సుత కొడ్తరా?” అని నువ్వు రెండుసార్లు అడిగావు. ఆ చప్పుడు వినకుండానే పోయావు.

నువ్వు వేసిన కేసులోనే ఈ ఉదయం అల్వాల్‌లో చిన్నాయన ఇంటి ముందు డప్పు మోగింది. నీ వాటా స్థలం అమ్ముకుని, గల్లీ అందరి ముందు నిన్నే దొంగ అన్న మనిషి పరుగున వచ్చాడు.

“బిడ్డా, ఇజ్జత్ పోతున్నది. లోపటికి రా, మాట్లాడుకుందాం.”

“మా నాయినను దొంగ అన్ననాడు లోపటికి పిలిచినవా?” అన్నాను.

అమీనా కాగితం మడవబోతే, వెనక ఇళ్లవాళ్లకు వినపడలేదన్నాను. మళ్లీ కొట్టించాడు. చిన్నాయన గేటు పట్టుకుని, ఆ రోజు నువ్వు నిలబడినట్టే తల వంచుకుని నిలబడ్డాడు.

అది చూసి ఇంకోసారి కొట్టమన్నాను.