భోజన్న చదవని మొదటి కాగితం

ఉమ్ అల్ క్వైన్ క్యాంపు,
10-2-1984, శుక్రవారం

చిరంజీవి సౌభాగ్యవతి గౌరవ్వకు నీ భర్త హన్మాండ్లు దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అమ్మను, లింబాద్రి మామను, సాయవ్వ అత్తను, ఎర్ర బర్రెను అడిగినట్టు చెప్పు. ఈరోజు క్యాంపులో వీడియో మీద ఇంగ్లీషు సినిమా వేశారు. ఏదో నవల నుంచి తీసిన గూఢచారి కథ. ఆఫీసులో టైపు కొట్టే నెల్లూరు నబీ రసూల్ భాయ్ మాకు అర్థం చెప్పాడు. నీకూ చెబుతాను. వాడు, వీడు అంటే తికమక పడతావు, ఆ గూఢచారి నేనే అనుకుని విను.

(రెండో కాగితం)

నా దగ్గర మూడు పాస్‌పోర్టులు, మూడు పేర్లు. పైకి చెప్పుల వ్యాపారిని. బూటు మడమలో పటం దాచుకుని రైలెక్కాను. ఎదురుగా ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న తెల్లామె కూర్చుని నన్ను చూసి నవ్వింది. పోలీసులు రాగానే రహస్య కాగితం మింగేశాను. అంతలో కరెంటు పోయింది.

అసలు సంగతి. మూడేళ్ళయింది, నేను వచ్చాక పుట్టిన బిడ్డను ఇంకా చూడలేదు. "తల్లికి సీరియస్" అని మా ఆఫీసు పెద్ద ముదీర్ పేరున టెలిగ్రాం కొట్టించు. అది చూస్తేనే సెలవు.

ఇట్లు, హన్మాండ్లు

తా.క. తెల్లామె మంచిదే. చాయ్ ఇప్పించింది.


రాళ్ళపల్లె,
28-2-1984

మహారాజశ్రీ భర్తగారికి మీ భార్య గౌరవ్వ నమస్కరించి పోస్టుమన్ భోజన్నతో రాయించునది. మొదటి కాగితం నిండా అందరినీ అడిగిన పేర్లే ఉంటాయని భోజన్న దాన్ని మడిచి పక్కన పెడతాడు. ఊళ్ళో దుబాయ్ ఉత్తరాలన్నీ అలాగే చదువుతాడు. రెండో కాగితం విని ఒకటే ఏడ్చాను. తాపీ పనికి పోయిన మనిషికి మూడు పాస్‌పోర్టులెందుకు? కాగితం అరక్కపోతే వాము నమలండి. మీ అమ్మకు మాత్రం బెంగ లేదు. "నా కొడుకు చిన్నప్పుడు మన్నే తిన్నడు, కాయితం ఒక లెక్కనా" అంటోంది. తనకు సీరియస్ అని రాయడానికి ఆమె ఒప్పుకోవడం లేదు.

ఇట్లు, మీ భార్య గౌరవ్వ

తా.క. ఆ టోపీ ఆమెకు పెళ్ళయిందా? వెంటనే రాయండి.

ఇంకో తా.క. భోజన్న రాయునది: తమ్ముడూ, గూఢచారి ఉద్యోగానికి పదో తరగతి సరిపోతుందా? మా బావమరిది ఖాళీగా ఉన్నాడు.


ఉమ్ అల్ క్వైన్ క్యాంపు,
16-3-1984

సౌభాగ్యవతి గౌరవ్వకు హన్మాండ్లు దీవించి రాయునది. అందరినీ అడిగినట్టు చెప్పు. నీ ఉత్తరం చూసి తల పట్టుకున్నాను. అది సినిమా, గౌరవ్వా. నేను పొద్దున లేస్తే సిమెంటు కలిపేవాణ్ణి. భోజన్నన్నా, ఈ మొదటి కాగితం తప్పకుండా చదివి వినిపించగలవు.

(రెండో కాగితం)

ఈ శుక్రవారం ఇంకొంత చూశాం. ఆ తెల్లామె నా మీద నిఘాకు వచ్చిందట. నన్ను పట్టించింది మా ఆఫీసు పెద్దే. చేపల పడవలో దాక్కున్నాను. మళ్ళీ కరెంటు పోయింది.

టెలిగ్రాం తొందరగా కొట్టించు. ఈ నెలలోనే ముదీర్‌కు తొమ్మిది వచ్చాయి, తొమ్మిదింటిలోనూ తల్లులే సీరియస్.

ఇట్లు, హన్మాండ్లు

తా.క. ఆమెకు పెళ్ళి కాలేదు.


రాళ్ళపల్లె,
3-4-1984

మహారాజశ్రీ భర్తగారికి గౌరవ్వ నమస్కరించి రాయించునది. భోజన్న మొదటి కాగితం ఎప్పటిలాగే పక్కన పెట్టి, రెండోది చదివాడు. మిమ్మల్ని పట్టించింది ఆఫీసు పెద్ద అంటే ముదీరే కదా. అందుకే నిన్న వాడికి ఇలా టెలిగ్రాం కొట్టించాను: "హన్మాండ్లు ఎవరో నాకు తెలియదు. గౌరవ్వ." ఇంక ఎవరు వెతికినా మన ఇంటి దాకా రారు.

ఇట్లు, మీకు ఏమీ కాని గౌరవ్వ

తా.క. నాయిన ఎవరో తెలియదని చెప్పడం బిడ్డకు కూడా నేర్పాను. దానికి అసలే తెలియదు గనుక తొందరగా వచ్చింది.


ఉమ్ అల్ క్వైన్ క్యాంపు,
20-4-1984

గౌరవ్వకు హన్మాండ్లు రాయునది. అందరినీ అడగడం తర్వాత. టెలిగ్రాం చేతిలో పట్టుకుని ముదీర్ పిలిపించాడు. రసూల్ భాయ్ అది చదివి చెబితే ఇంకోసారి చదవమన్నాను. ముదీర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు ఇప్పించాడు. "తల్లుల టెలిగ్రాములు డ్రాయర్ నిండా ఉన్నాయి. బీవీ భూల్ గయీ, ఇది అసలు సీరియస్. యల్లా, పూరా భూల్‌నే సే పెహలే ఘర్ జావ్" అన్నాడు. అంటే, పెళ్ళాం పూర్తిగా మరిచిపోకముందే ఇంటికి పొమ్మని. ఖలాస్, రెండు నెలల సెలవు. మే 25న బొంబాయి విమానం. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

ఏమైతేనేం, నీ అమాయకత్వమే నన్ను గట్టెక్కించింది. వచ్చాక సినిమా అంటే ఏమిటో నెమ్మదిగా నీకు అర్థమయ్యేలా చెబుతాను.

ఇట్లు, నీ భర్త హన్మాండ్లు

తా.క. ఈ టెలిగ్రాం కిటుకు క్యాంపులో ఎవరికీ చెప్పలేదు. పదిమందికి మాత్రం చెప్పాను.


రాళ్ళపల్లె,
5-5-1984

మా ఇంటాయనకు గౌరవ్వ రాసేది. అక్షరాలు వంకరగా ఉంటే భోజన్నను తిట్టకు, ఇవి నావి. ఆరు నెలలుగా చంద్రవ్వ టీచరు నడిపే పెద్దల బడికి పోతున్నా. మీరు, మీరు అని రాసింది భోజన్న. నాకు నువ్వు అనడమే వచ్చు.

మొదటి ఉత్తరం విన్న రోజు నిజంగానే ఏడ్చా. జవాబు పోస్టు చేశాక, పక్కన పెట్టిన కాగితం తీసి కూడబలుక్కుని చదివా. చదవడానికి రెండు రోజులు పట్టింది, నవ్వడానికి ఇంకో రోజు.

తొమ్మిదిమంది తల్లులు సీరియస్ అని నువ్వే రాశావు. పదో తల్లిని ఏ ముదీర్ నమ్ముతాడు? అందుకే అలా కొట్టించా. నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావా, నీ నోట్లో నువ్వుగింజ నానదు. అప్పుడే చెబితే మీ క్యాంపులో పెళ్ళాలందరూ ఒకే వారం మొగుళ్ళను మరిచిపోయేవాళ్ళు.

ఇట్లు, నీ గౌరవ్వ

తా.క. టెలిగ్రాంలో రాసింది పూర్తిగా అబద్ధం కాదు. నీ ముఖం గుర్తుంది గాని గొంతు మరిచిపోయా. రాగానే లోపలికి రాకు. వాకిట్లో నిలబడి ఒకసారి నా పేరు పెట్టి పిలువు.