బార్ ఆగిన చోటు

నల్లగొండ,
14 జూన్ 2023, బుధవారం

బాపుకు మెర్సీ వందనాలు.

నిన్న పొద్దున పదకొండు గంటలకు గ్రామసభల చెరువు కట్ట ఎత్తు పెంచెతందుకు మన వాడ ఒప్పుకున్నది. మొదలు చెయ్యి లేపింది నువ్వే.

ఫోన్‌ల చెప్పే మాట కాదు. ఆఫీసుల పక్క సీటుకు అన్నీ వినబడతయి. అందుకే రాస్తున్న.

నువ్వు లాప్‌టాప్ మీద వేలు పెట్టి జరిపిన గ్రాఫ్ నేను చేసిందే. దాన్ని మేం నోట్‌బుక్ అంటం. అండ్ల పైన లెక్క రాస్తే కింద బొమ్మ వస్తది. బొమ్మ కింది బార్‌ను కుడికి జరిపితే కట్ట ఎత్తు పెరుగుతది, నీళ్ల నీలం రంగు ఊరి మీదికి వస్తది. నువ్వు చివరిదాకా జరిపినవు. నీలం చర్చి మెట్ల కాడ ఆగింది.

"నా చేత్తోనే జరిపిన, మన గడప తడవదు" అని పక్కింటి బిక్షమ్మకు చెప్పినవు. గట్లయితే మెట్ల మీద కూసోని చేపలు పట్టుకోవచ్చని ఆమె అన్నది. వాడంతా నవ్వింది.

బార్ ఆగిందని నీళ్లు ఆగవు బాపూ. బార్ ఎక్కడ ఆగాల్నో మేం రాస్తం. కట్ట ఆరు మీటర్లు లేస్తది. నేను బార్‌ను ఆరుదాకా ఇచ్చిన. సభల అది నాలుగు కాడనే ఆగింది.

తిరిగొచ్చేటప్పుడు జీపుల మా సర్వే కంపెనీ మేనేజర్ కృష్ణకాంత్ సార్‌ను అడిగిన. తనే తగ్గించిన అన్నడు. "మొత్తం చూపెడితే జనం బెదురుతరు. నీది గ్రాఫ్ గీసుడు పని." గ్రాఫ్ కింద పేరు నాదే ఉన్నదని గుర్తుచేసిండు. "ఆ వాడ పిల్లవనే నిన్ను ముందట నిలబెట్టినం, నీ మొఖం చూసే చేతులు లేచినయి" అన్నడు. అది నిజం. ఇప్పుడు నోరు తెరిస్తే మోసం చేసింది నేనే అయిత. తెరవకున్నా నేనే అయిత.

నిన్న సాయంత్రమంతా ఆ గ్రాఫ్ ముందటనే కూసున్న. బార్‌ను నాలుగు దాటించబోతే జరగదు.

నీ బిడ్డ
మెర్సీ

తా.క.: పైన ఒక సంగతి రాయలేకపోయిన. కట్ట నాలుగున్నర మీటర్లు లేస్తే అమ్మ సమాధి మునుగుతది. ఆరు మీటర్లకు నీళ్లు మన కిటికీ దాటుతయి. ఇంతల సార్ అన్నానికి పోయిండు, బార్‌ను మళ్లీ ఆరుకు మార్చిన. ఆయనకు తెల్వదు. సోమవారం పదిన్నరకు రామన్నపేటల అభ్యంతరాల విచారణ. ఆఫీసర్ల ముందట బార్ జరిపెతందుకు మళ్లీ నిన్నే పిలుస్తరు.